నిండు సిలిండర్

నిండు సిలిండర్ వీపున కట్టుకొని ఊపిరాడక చచ్చిపోయాడు ఒక మనిషి. చీఫ్ టేబుల్ మీదున్న రిపోర్టు సారాంశం అంతే.

చచ్చిపోయినవాడు డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ ఏజెంట్. కుర్చీ అంచున కూర్చుని ఆ రిపోర్టు చదువుతున్నవాడికి సొంత బావ.

చదువుతున్నవాణ్ణి ఆఫీసులో అందరూ తాబేలు అంటారు. మాట ఆలస్యం, అడుగు ఆలస్యం. ఊపిరి మాత్రం చాలాసేపు బిగబట్టగలడు. బావి అడుగున మునిగి గుప్పెడు మట్టి పైకి తెస్తే తప్ప ఈత వచ్చినట్టు ఒప్పుకోని పిల్లల మధ్య పెరిగిన మనిషి.

"సిలిండర్‌లో గాలుంది. గొట్టం బాగుంది. మనిషి పోయాడు," అన్నాడు చీఫ్. "కంగారుపడి నోట్లో గొట్టం ఊడబీక్కున్నాడని అక్కడివాళ్ళు రాసిచ్చారు."

"బావకి కంగారు తెలీదండి."

"అందుకే నిన్ను పిలిచింది." చీఫ్ గోడ మీద మ్యాపు దగ్గరికి నడిచాడు. చుట్టూ నీలమే ఉన్న చోట ఈగ వాలినంత చుక్క మీద వేలు పెట్టాడు. "ఇదీ దీవి. బోటు వారానికొకసారి. ఉన్నది ఒక్కటే రిసార్ట్. డైవింగ్ చేసేవాళ్ళు, చేపల పిచ్చివాళ్ళు తప్ప ఎవరూ పోరు. దీవి చుట్టూ పగడాల దిబ్బ ప్రహరీగోడలా ఉంటుంది. ఓడ పట్టే సందు అందులో ఒక్కటే."

"ఆ సందులోకి ఓడ వస్తోందన్నమాట."

"ఆదివారం మధ్యాహ్నం. రెండు దేశాల దూతలూ అందులోనే ఉంటారు. సముద్రపు సరిహద్దు ఒప్పందం. ఏ నీళ్ళ కోసం కొట్టుకున్నారో ఆ నీళ్ళ మీదే సంతకాలు పెట్టాలని ముచ్చటపడ్డారు. ఆ సంతకాలు పడకూడదని ఒక ముఠా కూర్చుంది. విదేశీ ముఠా. ఓడ సందు దాటదని వాళ్ళ మెసేజ్ ఒకటి మన చేతికి చిక్కింది. ఎలా దాటదో అందులో లేదు. అది కనుక్కోవడానికే మీ బావ వెళ్ళాడు."

"ఓడని ఆపమని చెప్పకూడదా?"

"చెప్పాం. ఆధారం అడిగారు. మన ఆధారం పెట్టెలో పడుకొని వచ్చింది."

చీఫ్ ఒక ఫొటో బల్ల మీదికి తోశాడు. తడిజుట్టు, ఎండకి కాలిన భుజాలు, నవ్వని కళ్ళు. సినిమా పోస్టర్ మీద ఉండాల్సిన ముఖం.

"కోడ్‌నేమ్ లయన్‌ఫిష్. అక్కడి డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్. ఆ చేపని చూశావా ఎప్పుడన్నా? ఎంత అందమో అంత విషం. మన జీతం తీసుకుంటుంది. వాళ్ళ జీతమూ తీసుకుంటోందని నా అనుమానం. నీళ్ళలోకి జోడీగా తప్ప దిగరు కదా, మీ బావ పోయిన రోజు ఆయన జోడీ ఆవిడే."

"ఆవిడ మన మనిషో కాదో ఎలా తేలుతుంది?"

"కోడ్. నువ్వు 'నాకు ఉప్పునీళ్ళు పడవు' అనాలి. ఆవిడ 'అయితే ఎందుకొచ్చినట్టు?' అనాలి. అక్షరం మారకూడదు."

తాబేలు మెడ గోక్కున్నాడు. "నాకు నిజంగానే పడవండి. దద్దుర్లొస్తాయి."

"మరీ మంచిది. అబద్ధమాడే పని తప్పింది."

కింది అంతస్తులో, గాడ్జెట్ సెక్షన్ ఇంజనీరు ఒక కెమెరా ఇచ్చాడు. పెద్ద ఫ్లాష్, నీళ్ళు పోని తొడుగు. "ఈ బటన్ నొక్కితే జామర్ ఆన్ అవుతుంది. చుట్టుపక్కల ఏ రిమోట్ సిగ్నలూ పనిచెయ్యదు."

"నీళ్ళలో కూడానా?"

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీళ్ళలో ఎవరు టెస్ట్ చేశారు?"

బయల్దేరే ముందు అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు. "ఒరేయ్, మీ బావ భయపడి పోయాడని రాశారట. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అదే మాట. పిల్లల ముందు కూడా అదే మాట. ఆయన భయపడే మనిషి కాదురా. అది నువ్వు చూసి వచ్చి నాకు చెప్పు. ఇంకేం అక్కర్లేదు."

"సరే అక్కా," అన్నాడు. అంతకన్నా పెద్ద మాట అతనికి రాదు.

*

బోటు దిగిన మనిషి తాబేలు కాదు. పువ్వుల చొక్కా వేసుకొని, మెడలో కెమెరా వేలాడేసుకొని, ముక్కుకి తెల్లక్రీము పట్టించుకున్న రిటైర్డు బ్యాంకు గుమాస్తా. చేపల ఫొటోలంటే పడిచచ్చే రకం.

దీవి అతన్ని ముఖం చిట్లించుకొని చూసింది. ఇసుక కాళ్ళు కాల్చింది. కొబ్బరిచెట్ల కింద 'పడితే మా పూచీ లేదు' అని బోర్డు. రిసెప్షన్‌లో పిల్ల తాళం చేతికివ్వలేదు, బల్ల మీదికి విసిరింది.

"రూములో కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇప్పుడే చెప్తున్నా, మళ్ళీ కంప్లైంట్ చెయ్యొద్దు."

"అయ్యో, నాకు ఉప్పునీళ్ళు పడవమ్మా," అన్నాడు తాబేలు, నిజంగా బాధపడి.

"అయితే ఎందుకొచ్చినట్టు?"

తాళం అందుకోబోయిన తాబేలు ఆగాడు. ఫొటోలో మనిషి ఈ పిల్ల కాదు. ఈ పిల్ల అప్పటికే తల దించుకొని గోళ్ళు కొరుక్కుంటోంది.

భోజనాల గదిలో వంటవాడు కూజాలోంచి గ్లాసు నింపాడు. అదీ ఉప్పగానే ఉంది. తాబేలు గొణిగాడు. వంటవాడు కూజా ఠపీమని పెట్టాడు. "ఉప్పునీళ్ళు పడకపోతే మరెందుకొచ్చినట్టయ్యా దీవికి?"

కొంచెం మారింది కానీ, వంటవాడి కోపానికి వ్యాకరణం ఏం తెలుసు. సాయంత్రం అయ్యేసరికి దీవి మీద ఎవరు గూఢచారో ఎవరు ఊరికే పెంకివాళ్ళో తాబేలుకి అర్థం కాకుండా పోయింది. మర్యాదస్తులు ఉండే చోట పనికొచ్చే కోడ్‌ని చీఫ్ ఇక్కడికి రాసిచ్చాడు.

మర్యాదగా మాట్లాడిన మనిషి దీవి మొత్తానికి ఒక్కడే. రిసార్ట్ ఓనరు. అందరూ 'డాక్టరుగారు' అంటారు. తెల్లజుట్టు, గడ్డి టోపీ, మెత్తని గొంతు. పగడాలకి వైద్యం చేస్తాడట. చచ్చిపోతున్న పగడాల కొమ్మలు కోసి, సిమెంటు దిమ్మెలకి కట్టి, ఓడల సందు పొడుగునా నీళ్ళ అడుగున పేర్చాడట. ఏడాది తిరిగేసరికి దిమ్మెలన్నీ పగడాల తోటయ్యాయట. వరండా గోడల నిండా ఆ ఫొటోలే.

"మీలాంటి ఫొటోగ్రాఫర్లే మాకు కావాలి," అన్నాడు డాక్టరు. "ఒళ్ళంతా ఆ ఎరుపేమిటి?"

"మీ కుళాయి పుణ్యమండి. నాకు ఉప్పునీళ్ళు పడవు."

డాక్టరు ఒక క్షణం ఆగాడు. టోపీ కాస్త పైకెత్తి, తాబేలు కళ్ళలోకి చూసి నవ్వాడు. "అయితే ఎందుకొచ్చినట్టు?"

అక్షరం మారలేదు. మిగతావాళ్ళు కసిరారు. ఇతను పాఠంలా ఒప్పజెప్పాడు. తాబేలు వీపు మీద దద్దుర్లు కాక ఇంకేదో పాకింది. కోడ్ బయటికి పొక్కిపోయింది. బావని చంపినవాడు ఎదురుగా కూర్చుని తనకి నిమ్మరసం పోస్తున్నాడు.

"రేపు ఆదివారం," అన్నాడు డాక్టరు. "మధ్యాహ్నం పెద్ద ఓడ ఒకటి వస్తుంది. మిమ్మల్ని నేనే సందు దగ్గరికి తీసుకెళ్తాను. నీళ్ళలో తోట చూడండి, పైకొచ్చి ఓడని చూడండి."

"మీ దయ," అన్నాడు గుమాస్తా.

*

లయన్‌ఫిష్ ఆ సాయంత్రమే అతన్ని ఒడ్డు పక్కన నీళ్ళలోకి దింపింది, మర్నాటికి పనికొస్తాడో లేదో చూడ్డానికి.

"ఏదీ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే అదన్నా చస్తుంది, మీరన్నా చస్తారు. మీరు చస్తే నాకు రాతకోతల పని. నాకది చిరాకు."

"నాకు ఉప్పునీళ్ళు పడవు," అన్నాడు తాబేలు, మెల్లగా.

ఆవిడ మాస్కు తుడుచుకుంటూ అతని వంకైనా చూడలేదు. "పడకపోతే పైనే కూర్చోండి."

దీవి మొత్తం చెప్పిన మాట, చెప్పాల్సిన మనిషి ఒక్కతే చెప్పలేదు.

నీళ్ళలో తలపెట్టాక తాబేలుకి కాసేపు పని గుర్తురాలేదు. చిలకచేప ఒకటి పగడాన్ని వేయించిన శనగల్లా పటపట కొరుకుతోంది. మనిషంత పెద్ద చేప నోరు తెరుచుకొని నిలబడితే, వేలెడంత చేపలు లోపలికి దూరి పళ్ళు శుభ్రం చేస్తున్నాయి. బొటనవేలంత నారింజరంగు చేప తన ఇంటి ముందుకొచ్చాడని మాస్కు మీదికి దూకి మరీ పొడిచింది. ఇక్కడ చేపలకీ రిసెప్షన్ పిల్లకీ ఒకరే చదువు చెప్పినట్టుంది.

ఇంకొకటి కూడా చూశాడు. ఆటుకి నీళ్ళు దిగిపోయిన దిబ్బ మీద డాక్టరు బూట్లతో నడుస్తున్నాడు. అడుగు కింద పగడాలు పెంకుల్లా విరిగాయి. టూరిస్టు వేలు తగిలితేనే కసిరే లయన్‌ఫిష్ ఆ చప్పుడుకి ముఖం తిప్పుకుంది. పగడాలకి వైద్యుడట. మొక్కలు తొక్కుతూ నడిచే తోటమాలిని తాబేలు ఎక్కడా చూడలేదు.

తిరిగొస్తుంటే జెట్టీ మీద సరంగు కనిపించాడు. రిసార్ట్ పడవ నడిపేది అతనే. ముసలివాడు, చేతికి కుంచె మొలిచినట్టుంటాడు. పడవ అడుగుకి రంగు వేస్తున్నాడు. నిచ్చెనకి వేశాడు. లంగరుకి వేశాడు. నీళ్ళు తోడే బకెట్టుకి కూడా వేశాడు.

"దేనికి తాతా ఇంత రంగు?"

"తాత ఎవడు నీకు?" సరంగు ఉమ్మేశాడు. "సముద్రంలో ఊరికే ఏదీ ఉండదు. చెక్కయితేనేం, ఇనుమైతేనేం, వారం తిరిగేసరికి నాచు, నెలకి గవ్వలు. పట్టుకుంటే వదలవు. ఇది రాగి కలిపిన రంగు. ఇది వేస్తే ఒక్క పురుగు వాలదు. నా పడవ ఎక్కిన సామాను రంగు లేకుండా నీళ్ళలో దిగదు. అది నా పద్ధతి."

"డాక్టరుగారి దిమ్మెలకి కూడా వేశారా మరి?"

"వాటికెందుకు, వాటి మీద పెరగాలనేగా ఆయన గోల. వెయ్యలేదు." సరంగు కుంచె ఆపాడు. ముఖంలో మొదటిసారి చిన్న సంతోషం లాంటిది కనిపించింది. "ఒక్కదానికి వేశా. కిందటి వర్షాల ముందు ఒక దిమ్మె తెచ్చి, 'దీన్ని మాత్రం చెయ్యి కూడా తాకించకు' అన్నాడు నాతో. నా పడవ మీద, నాతో. డబ్బాలో బూడిదరంగు అడుగున కాస్త మిగిలి ఉంది. ఎండిపోతే ఎవడిది నష్టం? ఆయన భోజనానికి వెళ్ళగానే పూసేశా. సిమెంటులో సిమెంటు, కనిపెట్టలేదు."

తాబేలు బుర్ర గోక్కున్నాడు. ఏదో ఉంది ఆ మాటలో. ఏదో తేలలేదు. అతనికి అన్నీ ఆలస్యంగానే తేలతాయి.

*

ఆదివారం ఎండ కత్తిలా ఉంది. సందు మొదట్లో సరంగు లంగరు వేశాడు. డాక్టరు పడవ ముక్కున గొడుగు కింద కూర్చుని, ఒక నల్లపెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. పెట్టెలోంచి వైరు ఒకటి నీళ్ళలోకి వేలాడుతోంది.

"తిమింగలాల పాటలు వింటాను," అన్నాడు.

లయన్‌ఫిష్ తాబేలు సామాను తనిఖీ చేసింది. జోడీగా దిగేవాళ్ళు ఒకరిది ఒకరు చూడాలి, అది నియమం. సిలిండర్ నెత్తినున్న వాల్వు పూర్తిగా తిప్పి తెరిచింది. "గాలి పీల్చండి. పీలుస్తూ గేజు చూడండి. ముల్లు కదిలిందా?"

"లేదు."

"అంటే తలుపు బార్లా తీసి ఉందన్నట్టు. ఇంతవరకే నా పూచీ."

తాబేలు పడవ అంచున వెనక్కి తిరిగి కూర్చున్నాడు. దూకబోతుంటే డాక్టరు లేచి వచ్చి ఆప్యాయంగా భుజం తట్టాడు. ఉంగరం చల్లగా మెడ వెనక తగిలింది. "జాగ్రత్తగా చూసి రండి."

నీళ్ళు మీద కప్పుకున్నాయి.

పైన ఉన్నంతసేపూ గాలి హాయిగా వచ్చింది. దిగేకొద్దీ చిక్కబడింది. దిమ్మెల తోట కళ్ళబడేసరికి, మూతి కట్టిన సీసాలోంచి పీల్చుకుంటున్నట్టయింది. గేజు చూశాడు. పీల్చినప్పుడల్లా ముల్లు సున్నా వైపు కూలబడుతోంది, వదిలితే మళ్ళీ లేస్తోంది.

అప్పుడు తేలింది. సిలిండర్ నిండుగానే ఉంది. తలుపు కాస్త సందు వదిలి మూసి ఉంది. పైన ఆ సన్నని సందు చాలు. లోతులో చాలదు. తనిఖీ అయ్యాక భుజం తట్టిన చెయ్యి వాల్వుని తిప్పింది. బావకీ ఇలాగే తట్టి ఉంటాడు. బావ కూడా 'మీ దయ' అని ఉంటాడు.

చెయ్యి వెనక్కి పెట్టాడు. కెమెరా పట్టా అడ్డం. అందలేదు. పీలిస్తే రబ్బరు తప్ప ఏమీ రాలేదు. ఊపిరి బిగబట్టాడు. బావి అడుగున మట్టి కోసం దేవుకున్నప్పటి నిశ్శబ్దం చెవుల్లో.

లయన్‌ఫిష్ చేతికందే దూరంలో ఆగి చూస్తోంది. కళ్ళు రెప్పవాల్చలేదు. ఇంకొంచెం దగ్గరికొచ్చింది. ఆవిడ చెయ్యి అతని మెడ వెనక్కి పోయింది.

ఆ చెయ్యి తెరవడానికి వెళ్తోందో, మిగిలిన కాస్తా మూయడానికి వెళ్తోందో చెప్పేవాళ్ళు లేరు. నడుముకి కత్తి ఉంది. ఆ మణికట్టు పట్టుకోవడం ఎంతసేపు. తాబేలు పట్టుకోలేదు. వాల్వు గురించి ఎవరూ అడక్కుండా గేజు చూపించిన మనిషి, చంపేదైతే ఆ పాఠం చెప్పేది కాదు.

గాలి వరదలా వచ్చింది.

ఆవిడ నడుముకి వేలాడే చిన్న తెల్ల పలక తీసి పెన్సిలుతో రాసింది. నీళ్ళలో మాటకి అదే దారి.

'కిందటిసారి వచ్చినాయన దగ్గరికి ఆలస్యంగా చేరా.'

తుడిచింది. మళ్ళీ రాసింది. 'నోట్లోది ఆయన తియ్యలేదు. చివరిదాకా పళ్ళతో పట్టుకునే ఉన్నాడు.'

తాబేలు ఆ రెండో వాక్యాన్ని చాలాసేపు చూశాడు. అది అక్కకి చేరాల్సిన వాక్యం.

మూడోది: 'కోడ్ డాక్టరుకి తెలుసు. అది అన్నవాళ్ళని చంపుతాడు. బాంబు ఇన్ని దిమ్మెల్లో దేంట్లో ఉందో తెలీదు. నాకు చెప్పలేదు.'

ఎక్కడో దూరంగా, నీళ్ళలో, దంపుడు చప్పుడు మొదలైంది. ఓడని నడిపే ఫ్యాను.

తాబేలు వరసలు చూశాడు. దిమ్మె తర్వాత దిమ్మె. ఒక్కొక్కటీ గుబురు. జింకకొమ్ముల్లాంటి పగడాలు, విసనకర్రలు, వాటిలో దూరి కొట్లాడుకునే చేపలు. అన్నీ ఊళ్ళు. సందు సరిగ్గా మధ్యన, ఓడ అడుగు రాసుకుపోయే చోట, ఒకే ఒక్క దిమ్మె. దాని మీద కట్టిన పగడాల కొమ్మలు తెల్లగా ఎండి ఎముకల్లా ఉన్నాయి. నాచు లేదు. గవ్వ లేదు. ఒక్క చేప దాని గుమ్మం తొక్కడం లేదు. నున్నగా, కొత్త సమాధిలా ఉంది.

చిన్నప్పుడు బావిలో జారిపోయిన రాగిచెంబు చాలా ఏళ్ళకి పైకొచ్చింది. మెట్లన్నీ పాకుడు పట్టాయి, చెంబుకి పట్టలేదు. ముసలి సరంగు మొండితనం తేలాల్సిన చోటికి తేలింది. పగడాలు తెలిసినవాడెవడైనా ఆ బోడి దిమ్మెని వారంలో అనుమానించేవాడు. డాక్టరుకి తెలిస్తే కదా.

దిమ్మె వెనక మూత. మూత లోపల పాలక్యానంత ఇనపడబ్బా, బెల్టులతో బిగించి ఉంది. దాని నెత్తిన చిన్న ఎర్రలైటు మిణుకుతోంది. తాబేలు ముందు కెమెరా గురిపెట్టి జామర్ నొక్కాడు. పెద్ద ఫ్లాష్ మెరిసింది. పక్క దిమ్మెలోని లావుపాటి బొంత చేప ఒకటి జడుసుకొని పారిపోయింది. ఎర్రలైటు మిణుకుతూనే ఉంది.

ఇంజనీరుని మనసులో తలుచుకొని కత్తి తీశాడు. బెల్టులు కోశారు. డబ్బాని ఇద్దరూ చెరో వైపు పట్టుకున్నారు. ఒంటి మీది డైవింగ్ జాకెట్లలోకి గాలి నింపుకుంటే బరువు తేలికైంది. దంపుడు చప్పుడు పక్కటెముకల్లో మోగుతోంది.

ఇది ఎక్కడ పారేసినా పేలుతుంది. ఎక్కడ పెడితే పేల్చడానికి వాడికి చెయ్యాడదు?

తాబేలు పైకి చూశాడు. నీళ్ళ కప్పు మీద పడవ అడుగు, శుభ్రంగా, రంగు వేసి, ఒక్క గవ్వ లేకుండా మెరుస్తోంది. వేలితో చూపించాడు. లయన్‌ఫిష్ మాస్కు వెనక కళ్ళు చిన్నవయ్యాయి. దీవికి వచ్చాక అతను చూసిన మొదటి నిజమైన నవ్వు అది.

*

లయన్‌ఫిష్ ఒక్కతే తేలింది.

"మీ ఫొటోగ్రాఫరు?" అన్నాడు డాక్టరు, నల్లపెట్టె మూత తెరుస్తూ. అందులో తిమింగలాలు లేవు. ఒక తాళంచెవి, ఒక బటన్ ఉన్నాయి.

"కింద ఉన్నాడు."

"పాపం. ఉప్పునీళ్ళు పడలేదు." తాళంచెవి తిప్పాడు. ఓడ సందులోకి ముక్కు పెట్టింది. తెల్లటి ఓడ, డెక్కు మీద రెండు జెండాలు, సూట్లు వేసుకున్న మనుషులు. ఎవరో ఈ పడవకి చెయ్యూపారు. డాక్టరు కూడా మర్యాదగా ఊపాడు.

"ఆ బటన్ నొక్కితే మీకే ఇబ్బందండి," అంది నీళ్ళలోంచి ఒక గొంతు.

తాబేలు పడవ వెనకనుంచి వచ్చి అంచు పట్టుకున్నాడు. ముక్కు మీద క్రీము కరిగిపోయింది. గుమాస్తా కూడా కరిగిపోయాడు. "దిమ్మెలోది తీసేశాం. మీ పడవ ఫ్యానుకి కట్టాం."

డాక్టరు జేబులోంచి పిస్తోలు తీశాడు. గొంతు మెత్తగానే ఉంది. "ఏ దిమ్మెలో ఉందో ఈవిడకే తెలీదు. నీకెవరు చెప్పారు?"

"మీ సరంగు చెప్పాడు."

"నేనేం చెప్పలేదు," అన్నాడు సరంగు కోపంగా.

"అబద్ధం. బెదిరింపు." డాక్టరు బొటనవేలు బటన్ మీద పెట్టాడు. ఓడ నీడ నీళ్ళ మీద పాకుతూ వస్తోంది. "సరంగూ, వెనక్కి వంగి చూడు. ఏముంది?"

సరంగు విసుక్కుంటూ పడవ చివర వంగాడు. కాసేపు చూశాడు. "ఏదో డబ్బా వేలాడుతోంది. లైటు ఉంది."

"లంగరుకి కట్టే తేలుడు డబ్బానో, బకెట్టో అయ్యుంటుంది."

"కాదు," అన్నాడు సరంగు. "మన సామాను కాదు. దానికి రంగు లేదు."

డాక్టరుకి నమ్మకం కుదిరింది. ముఖం మీద ఎప్పుడూ ఉండే మర్యాద ముసుగులా జారిపోయింది.

"అయితే ఏం," అన్నాడు. "ఓడ దగ్గరికొచ్చింది. మనతో పాటు దాని పక్క కూడా చీలుతుంది. నేను ఇంటికి వెళ్తానని మావాళ్ళకి మాటివ్వలేదు."

తాబేలు ఆ కళ్ళు చూశాడు. బెదిరింపు కాదు. తన లెక్క తప్పింది. బతకాలనుకునేవాడి మీద పారే ఎత్తు, చావడానికి సిద్ధమైనవాడి మీద పారదు. లయన్‌ఫిష్ పడవలోకి చెయ్యి చాపింది, దూరం చాలలేదు. పిస్తోలు ఆవిడ వైపు తిరిగింది. బొటనవేలు వంగింది.

"పేలేదా అది?" అన్నాడు సరంగు. "నా పడవ కిందా?"

ఎవరూ జవాబు చెప్పేదాకా అతను ఆగలేదు. ముసలి చెయ్యి రంగుడబ్బా అందుకొని డాక్టరు మణికట్టు మీద మోదింది. అదే ఊపులో మళ్ళీ తిప్పి ముఖాన కొట్టింది. పిస్తోలు నీళ్ళలో పడింది. నల్లపెట్టె పడవలో దొర్లింది. తాబేలు, జీవితంలో ఒక్కసారి ఆలస్యం లేకుండా, దాని వైరు పట్టి తెంపేశాడు.

తెల్ల ఓడ వాళ్ళ పక్కనుంచి గంభీరంగా దాటిపోయింది. దాని అలకి పడవ ఊగింది. డెక్కు మీంచి మళ్ళీ చేతులూపారు. నెత్తి నుంచి గడ్డం దాకా బూడిదరంగు కారుతున్న మనిషిని దీవి ఆచారం అనుకున్నారో ఏమో, ఇద్దరు ఫొటోలు కూడా తీసుకున్నారు.

"డబ్బాలో మిగిలిందంతా పోయింది," అన్నాడు సరంగు. "ఎవడిస్తాడు?"

లయన్‌ఫిష్ డాక్టరు చేతులు లంగరుతాడుతో కట్టింది. తాబేలు పడవెక్కాడు. ఒడ్డుకి చేరేముందు ఒక్కసారి లేచి, వెనకనుంచి డాక్టరు భుజం తట్టాడు. అంతే. వీపున సిలిండర్ లేకపోయినా డాక్టరు ఊపిరి కాసేపు ఆగింది.

జెట్టీ మీద తాబేలు లయన్‌ఫిష్‌ని అడిగాడు. "మా ఆఫీసుకి ఏమని రాయను? మా మనిషనా, వాళ్ళ మనిషనా?"

"మీరు మనిషి పోయాక గానీ ఇంకో మనిషిని పంపరు. వాళ్ళు మనిషిని పంపేదే పోవడానికి. నేను ఇద్దరి దగ్గరా మానేశా. చేపలు చూపించుకు బతుకుతా." కాళ్ళకి తొడిగే ఫిన్లు భుజాన వేసుకుంది. "ఆ దద్దుర్లకి మంచినీళ్ళతో కడుక్కోండి. నా గదిలో ఒక క్యాను ఉంది. తిరిగివ్వాలి."

*

అక్క గుమ్మంలో నిలబడే విన్నది. "చివరిదాకా పళ్ళతో పట్టుకునే ఉన్నాడట అక్కా. భయపడలేదు. తలుపు ఎవడో మూసేశాడు, అంతే."

అక్క లోపలికి తిరిగి పిల్లల్ని పిలిచింది. "ఇలా రండి. మీ మావయ్య చెప్పేది వినండి. మళ్ళీ చెప్పరా, గట్టిగా."

తాబేలు మళ్ళీ చెప్పాడు, గట్టిగా.

మర్నాడు చీఫ్ గదిలో ఫైలు మూసేశారు. చీఫ్ రిపోర్టు చివరి పేజీ తిప్పి కళ్ళజోడు మీంచి చూశాడు.

"బాగుంది. తర్వాతది కూడా నీళ్ళలోనే. ఈసారి ఓడరేవు. రేపే బయల్దేరాలి."

"ఇంకొకర్ని చూడండి," అన్నాడు తాబేలు, చొక్కా చేతులు పైకి మడిచి ఎర్రగా కందిన దద్దుర్లు చూపిస్తూ. "నాకు ఉప్పునీళ్ళు పడవు."

చీఫ్ చిరాకుపడ్డాడు. "అయితే ఎందుకొచ్చినట్టు ఈ ఉద్యోగానికి?"

తాబేలు లేవబోయినవాడల్లా ఆగాడు. చీఫ్ వంక అనుమానంగా చూశాడు. గది దాటేదాకా ఆయనకి భుజం అందనివ్వలేదు.